రాజుగారు అటకెక్కారు

నేను ఒక గడ్డాన్ని. పెట్టుడు గడ్డాన్ని. నలభై ఏళ్ళు ఒకే నోటి కింద వేలాడాను. ఆ నోరు మాట్లాడినవన్నీ విన్నాను. నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. అందుకని ఇప్పుడు నేనే చెప్పుకుంటున్నాను. ఎక్కువ చెప్పను. వాగుడు నోటి పని, గడ్డం పని కాదు.

నేను మొలిచింది పశ్చిమ గోదావరి మెట్టలో, గెడ్డం పోలయ్య అనే రైతు దవడల మీద. ఇంటిపేరే గెడ్డం. అందులో నా ప్రమేయం లేదు. పోలయ్యకు ఒక గేదె ఉండేది. అది ఒకనాడు మేతకు వెళ్ళి తిరిగి రాలేదు. గేదె ఇంటికి చేరేదాకా మొహానికి కత్తి తగలనివ్వనని ఆయన చిన్నతిరుపతి వెంకన్నకు మొక్కుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు పది రోజుల మొక్కు అనుకున్నారు. గేదె మూడేళ్ళకు వచ్చింది, వెంట రెండు దూడలతో, ఏమీ జరగనట్టు. పోలయ్య దాన్ని తిట్టలేదు, కొట్టలేదు. "వచ్చేవా" అని కుడితి పెట్టాడు. మర్నాడు కొండకు వెళ్ళి తలా గడ్డమూ రెండూ ఇచ్చేసి వచ్చాడు.

ఆ మూడేళ్ళలోనే నేను నెరిశాను. గేదె కోసం నెరిసిన వెంట్రుకను. రాజ్యభారంతో నెరిశానని తర్వాత జనం అనుకున్నారు.

కొండ మీద తీసిన జుట్టంతా గోతాల్లోకి వెళుతుంది. ఆడవాళ్ళు ఎండలో కూర్చుని పొడుగుది ఒక కుప్పగా, పొట్టిది ఒక కుప్పగా విడదీశారు. తర్వాత రైలు, తర్వాత ఓడ. నెల దాటాక దిగిన చోటు లాగోస్, నైజీరియా దేశంలో పెద్ద రేవు. ఆడవాళ్ళ విగ్గులకు పనికొచ్చే పొడుగు జుట్టు చుట్టూ జనం మూగారు. నన్ను ఎవరూ ముట్టుకోలేదు. ముతక. చివరికి విగ్గులు అల్లే ఒక ముసలాయన నన్ను గుప్పిట్లోకి తీసుకుని, గిన్నెలు తోమడానికి పనికొస్తానా అని ఆలోచించి, మనసు మార్చుకుని, సన్నని వలగుడ్డ మీద ఒక్కొక్క వెంట్రుకనే ముడివేశాడు. ఎనిమిది రోజులు పట్టింది. మనిషికి పుట్టడానికి ఒక్క పూట చాలు. గడ్డానికి చాలదు.

నన్ను కొన్నది ఊరూరూ తిరిగే ఒక నాటక సమాజం. లారీలో వస్తారు, బడి ఆవరణలో తెర కడతారు, రెండాటలాడి వెళ్ళిపోతారు. పోలయ్య కూడా ఇలాంటి ఆటలకు దుప్పటి పట్టుకుని వెళ్ళేవాడు కాబట్టి నాకు వింతగా అనిపించలేదు. సమాజంలో ఉన్న మగవాళ్ళందరి మొహాలకూ నన్ను పెట్టి చూశారు. అందరికీ దురద పుట్టింది. తెర లాగే మనిషి ఒకాయన ఉండేవాడు, పేరు జొసాయా అకిన్‌లబి, వయసు ముప్పై ఏడు. ఆయన మొహాన ఒక్క వెంట్రుక మొలవదు. అరిటాకులా ఉంటుంది. ఆ మొహానికి నేను పుట్టుమచ్చలా అతుక్కున్నాను.

"ఇతన్నే రాజుని చెయ్యండి" అన్నాడు సమాజం పెద్ద.

రాజ్యం అలా వచ్చింది, జిగురు పట్టినందుకు.

ఆ రోజు నుంచి ఆయన పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. అక్కడివాళ్ళు యోరుబా జనం. రాజును 'కబియేసి' అని పిలుస్తారు. ఈయన్ని అడిగేవాడు లేడు అని దాని అర్థం. నాకు వచ్చిన తెలుగులో అడిగేవాడు లేడంటే రెండు రకాలు. ఒకటి, అంత గొప్పవాడని. రెండోది, తిన్నావా అని అడిగే దిక్కు కూడా లేదని. నలభై ఏళ్ళలో ఆయనకు రెండూ వర్తించాయి. నేను మొహాన ఉంటే బజారులో మగవాళ్ళు సాష్టాంగపడేవాళ్ళు, ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళు. నన్ను తీసి డబ్బాలో పెడితే అదే బజారులో అదే మనుషులు "పక్కకి జరుగు పెద్దాయనా" అనేవాళ్ళు.

ఇక్కడ ఒక మాట. నలభై ఏళ్ళు నోటి పక్కన ఉంటే ఏ భాషైనా అర్థమవుతుంది. చెప్పడానికి మాత్రం నాకు ఉన్నది పోలయ్య భాషే. కాబట్టి వాళ్ళ మాటలను పోలయ్య వీధిలో వినబడినట్టే చెబుతాను. పెద్ద తేడా ఏమీ లేదు. అక్కడా పెద్దవాళ్ళను మీరు అంటారు. అక్కడా పెద్దవాళ్ళ మాట వినరు.

నాటకాలు పోయి వీడియో సినిమాలు వచ్చాయి. పది రోజుల్లో ఒక సినిమా తీసేసేవాళ్ళు. అన్నింట్లోనూ రాజు ఉండేవాడు, అన్నింట్లోనూ మొదట్లోనే చచ్చిపోయేవాడు. ఆయన చస్తేనే కదా కుర్చీ కోసం కొట్టుకునే మిగతా కథ. రాజు పీట మీద కూర్చుంటాడు. చిన్న భార్య పళ్ళెం తెస్తుంది. అందులో ఉడికించి రోట్లో దంచిన పెండలం ముద్ద, ఆకుకూర పులుసు, నాలుగు మాంసం ముక్కలు. రాజు ఒక ముద్ద చిదిమి, పులుసులో ముంచి, నోట్లో పెట్టుకుంటాడు. గొంతు పట్టుకుంటాడు. కూలిపోతాడు. ఎవరో 'కట్' అంటారు. వెంటనే పళ్ళెం ఎత్తుకుపోతారు, పక్క సెట్టులో పెళ్ళి భోజనానికి అదే పళ్ళెం కావాలి.

నూట అరవై మూడు సినిమాల్లో అలా పోయాడు. నూట అరవై మూడు ముద్దలు. రెండో ముద్ద ఒక్కసారీ లేదు.

నన్ను అతికించే పని సిదికత్‌ది. యాభై దాటిన మనిషి, మేకప్ చేస్తుంది, ఇరవై ఆరేళ్ళుగా ఆయనతోనే ఉంది. ఒకనాడు షూటింగు అయిపోయాక కారులో నన్ను ఊడదీస్తూ ఉంటే ఆయన అన్నాడు.

"సిదీ, పిలిచి పళ్ళెం ముందు కూర్చోబెట్టి, ఒక్క ముద్దకే లేపేసేరు నన్ను. ఎన్నిసార్లో తెలుసా?"

"ఊరుకోండి బాబా. ఇంటికెళ్ళి తింటారుగా."

"ఇంటికాడ తినేది జొసాయా. రాజు తినలేదు. ఎప్పుడూ తినలేదు. ఒక్కసారి రాజు పళ్ళెం కాళీ చేసి, చెయ్యి కడుక్కుని, తన కాళ్ళ మీద లేవాలి. అది చూసి పోతాను నేను."

నిర్మాతలకు చెబితే నవ్వారు. రాజు భోంచేసి లేస్తే ఇంక కథేముంది అన్నారు. డెబ్బై ఏడో ఏట ఆయనే సినిమా మొదలుపెట్టాడు. రాసింది, తీసేది, వేసేది ఆయనే. పేరు 'రాజుగారు భోంచేశారు'. అందరూ రాజుకు విషం పెట్టాలని చూస్తారు, ఎవరికీ కుదరదు, చివరి సీనులో ఊరంతా చూస్తూ ఉండగా రాజు ఆఖరి ముద్ద దాకా తిని లేస్తాడు. ఆ సీనే సినిమా. మిగతాదంతా ఆ పళ్ళెం దాకా నడిచివచ్చే దారి.

ఇలొబే అనే ఊళ్ళో దారి అంతా తీశారు. ఇక మిగిలింది పళ్ళెం. ఆ ఊరికి నిజమైన రాజు ఉన్నాడు. చదువుకున్నవాడు, ముప్పై రెండేళ్ళవాడు, రోజూ నున్నగా గీసుకుంటాడు. తన దివాణం ముంగిలిని శనివారం ఒక్కరోజు వాడుకోమన్నాడు. ఆదివారం నుంచి ముసుగు దేవతల జాతర, ఆ తర్వాత వానలు. వచ్చే ఏడాది చూద్దామనడానికి లేదు. డాక్టరు ఆయన గుండె మీద గొట్టం పెట్టి విని, వచ్చే ఏడాది పనులు ఒప్పుకోవద్దని చెప్పాడు. శనివారం రాజు తినాలి, లేకపోతే ఇంక లేదు. ఊరివాళ్ళు ఆరువందల మంది చుట్టూ కూర్చుని చూడడానికి ఒప్పుకున్నారు.

గురువారం మధ్యాహ్నం నేను అటకెక్కాను.

జరిగింది ఇంతే. ఊరి బయట అతిథి బంగళాలో దిగాం. రేకుల కప్పు, దాని కింద చెక్కల అటక. సిదికత్ నన్ను కిటికీ దగ్గర తాడుకు ఆరవేసి కుర్చీలో కునుకు తీసింది. అటక సందులోంచి ఒక ఎలుక దిగింది. కడుపుతో ఉంది. నన్ను వాసన చూసింది, మెత్తగా ఉన్నానని తేల్చుకుంది, పళ్ళతో పట్టుకుని తాడు వెంట పైకి లాక్కుపోయింది. సిదికత్ కళ్ళు తెరిచేసరికి నా చివరి బెత్తెడు సందులోకి జారిపోతోంది.

యూనిట్‌లో కబియేసి అంటే నేనే. "కబియేసిని దువ్వేరా?", "కబియేసి డబ్బాలో ఉన్నారా?" అనుకునేవాళ్ళు. సిదికత్ వరండాలోకి పరుగెత్తి లాగోస్‌లో విగ్గులాయన కొడుక్కి ఫోను చేసింది. ఇంకో గడ్డం కావాలని అడగడానికి. కానీ కంగారులో గొంతు చించుకుని మొదట అన్నది ఇది:

"అన్నా! కబియేసి అటకెక్కేసేరు! నా కళ్ళ ముందే!"

యోరుబాలో రాజు చచ్చిపోయాడని అనకూడదు. తప్పు. రాజు అటకెక్కాడు అనాలి. పూర్వం నుంచీ అదే మాట. పోలయ్య భాషలో అటకెక్కడమంటే పని మూలపడడం. ఆ మధ్యాహ్నం రెండు అర్థాలూ ఒకేసారి పట్టుకున్నాయి. నేనొక్కదాన్నే నిజంగా ఎక్కాను.

ఫోనులో లాగోస్ మనిషి భోరుమని ఏడ్చి పెట్టేశాడు. రోడ్డు మీద అలసంద గారెలు అమ్ముకుంటూ పోతున్న ఒకామె తట్ట దించేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తమ రాజు పొద్దున్నే టెన్నిస్ ఆడుతూ కనబడ్డాడు. కాబట్టి పోయింది ఈ కబియేసి. ఆమె గారెలు అక్కడే వదిలేసి బజారు వైపు వెళ్ళింది. సాయంత్రం నాలుగింటికి రేడియో చెప్పింది.

వరండా మీది అటకలో చెక్కల సందు నుంచి నాకు అంతా కనబడుతోంది. నా మధ్యలో ఎలుక గుండ్రంగా గూడు చేసుకుంటోంది. కింద అకిన్‌లబి గారు బనీనుతో, నున్నటి మొహంతో కూర్చుని ఉన్నారు. పరామర్శకు జనం రావడం మొదలైంది. మొదట వచ్చింది ఒక బట్టల కొట్టు ఆవిడ.

"మీరు ఆయనకి ఏమవుతారండి, బాబా?"

"నేనే ఆయన్ని, అమ్మా."

"అయ్యో. దుఃఖంలో అలాగే అనిపిస్తదండి. మా అమ్మ పోయినప్పుడు మా నాన్నా అలాగే అన్నాడు."

"నా మొహం చూడమ్మా ఒకసారి."

"చూత్తన్నానండి. పోలికుంది. గడ్డం ఒక్కటే తక్కువ."

ఆయన గుర్తింపు కార్డు తెచ్చి చూపించాడు. కార్డు మీద జొసాయా అకిన్‌లబి అని ఉంది. అది చేతులు మారుతూ వరండా అంతా తిరిగింది. ఆ పేరు ఎవరూ వినలేదు. ఆయన లేచి నిలబడి రాజు నవ్వు నవ్వాడు, సినిమాల్లో నవ్వే ఆ పెద్ద నవ్వు. జనం ఇంకా గట్టిగా ఏడ్చారు.

"గొంతు కూడా ఆయనదే!" అన్నాడు వెనక నుంచి ఒక ముసలాయన. "ఇంకా తెలవట్లేదేంటి మీకు? కవలలు! ఇతను రెండోవాడు, కెహిండే!"

ఆ జనంలో కవలలు పుట్టడం మన వైపు మామిడికాయలు కాసినంత మామూలు. ప్రతి వీధికీ రెండు జతలుంటాయి. పుట్టకముందే పేర్లు సిద్ధంగా ఉంటాయి, మొదట బయటికి వచ్చినవాడికి ఒకటి, తర్వాతవాడికి కెహిండే. అక్కడి లెక్కలో వెనక వచ్చినవాడే పెద్ద, పోలయ్య లెక్కలో తమ్ముడు, నేను పోలయ్య లెక్కే చెబుతాను. ఆ మాటతో అందరికీ అన్నీ అర్థమైపోయాయి. మొహం ఒకటే ఎందుకో, పేరు వేరు ఎందుకో, నేనే ఆయన్ని అని ఎందుకంటున్నాడో. ఒక్కొక్కరూ వచ్చి ఆయన్ని కెహిండే గారూ అని పట్టుకుని ఏడ్చారు.

సిదికత్ బజారుకు వెళ్ళి, "ఆయన బతికే ఉన్నారండీ! అటకెక్కింది గడ్డం!" అని అరిచిందట. పాపం మతి పోయిందని ఆడవాళ్ళు ఆమెను నీడలో కూర్చోబెట్టి తలకు తడిగుడ్డ కట్టారు. తిరిగివచ్చి దూదితో గడ్డం చేసి ఆయనకు అతికించింది. చూసినవాళ్ళు తల తిప్పుకున్నారు. తమ్ముడుగారు దుఃఖంలో దూది పెట్టుకున్నారు అని రోడ్డు మీద చెప్పుకుంటూ వెళ్ళారు.

శుక్రవారం పొద్దున దివాణం నుంచి పెద్ద వచ్చాడు. చేతిలో కర్ర, వెనక గొడుగు పట్టే మనిషి.

"కెహిండే గారూ, రాజుగారు చాలా బాధపడ్డారండి. ముంగిలి శనివారం మీ అన్నగారికే ఇచ్చిన మాట. సినిమా ఎలాగూ లేదు గనక, ఆ రోజే కర్మ జరిపించెయ్యమన్నారు. బేండు చెప్పేం. ఊరందరికీ ఒకే రంగు గుడ్డ తీసేం. ఊదా."

"శవం లేకుండా కర్మేంటండీ?" అన్నాడు ఆయన.

"లాగోస్ నుంచి వస్తదిగా. సినిమావాళ్ళ శవాలు ఎప్పుడూ లాగోస్‌లోనే ఉంటాయి."

ఆ పెద్ద వెంటే రేడియో అతను వచ్చి మైకు ముందు పెట్టాడు. అన్నగారి గురించి రెండు ముక్కలు చెప్పండి కెహిండే గారూ అన్నాడు. అకిన్‌లబి గారు మైకు దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత మెల్లగా మొదలుపెట్టారు.

"తెర లాగేవాడండి. రాజేంటో తెలీదు. గడ్డం పెట్టేరు, కూర్చున్నాడు. చావమన్నారు, చచ్చేడు. బాగా చచ్చేవాడు. ఎవరిదీ తప్పు పట్టింది లేదు. ఒక్కటే కోరిక ఉండేదండి ఆయనకి. పెట్టిన పళ్ళెం పూర్తిగా తినాలని. అది తీరకుండానే..."

మైకు పక్కకు జరిపేశారు. ఎలుక కూడా కదలకుండా విన్నది. ఆయన అబద్ధాలు నేను నలభై ఏళ్ళు దగ్గర నుంచి విన్నాను, ఇది అందులో చేరదు. ఆ మాటలు ఊరంతా రేడియోలో విన్నారు. సాయంత్రానికి దివాణం వంటామె కబురు పంపింది. శనివారం శవపేటిక ముందు పళ్ళెం పెడతాం, నిండుగా పెడతాం, ఆయన ఆత్మ తింటుంది అని.

ఇక రాఫియు సంగతి. ఊరికంతటికీ వడ్రంగి అతనొక్కడే. అటక విప్పి నన్ను దించమని సిదికత్ గురువారం నుంచి అతని వెంట పడుతోంది.

"ముందు పెట్టె అవ్వాలి మేడమ్. కబియేసి పెట్టె చేస్తన్నాను."

"ఆయన ఇక్కడే కూర్చున్నారు కదయ్యా!"

"అందుకేగా వచ్చింది. కవలలకి కొలత ఒకటే ఉంటది. బాబా, కాస్త పడుకోండి."

అకిన్‌లబి గారు చాప మీద పడుకున్నారు. అలవాటు కొద్దీ చేతులు రొమ్ము మీద పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, శ్వాస బిగబట్టారు. రాఫియు కొలత తీసుకుంటూ తీసుకుంటూ ఆగి, "అబ్బ, అచ్చం ఆయన చచ్చినట్టే ఉన్నారండి" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. లేచి వెళుతూ సంచిలోంచి జానెడు కొయ్యబొమ్మ తీసి ఆయన చేతిలో పెట్టాడు. కవలల్లో ఒకరు పోతే అలా బొమ్మ చెక్కించి, దానికి రోజూ తిండి పెట్టడం అక్కడ పాత అలవాటు. బొమ్మకు గడ్డం ఉంది. నా పోలికే. రెండో రోజుకి నాకు నాలుగు పిల్లలు పుట్టాయి కాబట్టి, అంటే నాలో పుట్టాయి కాబట్టి, నా అసలు పోలిక అప్పటికే చెదిరింది.

శనివారం పొద్దున రాఫియు పెట్టె దివాణానికి చేర్చేసి, మాట ప్రకారం వచ్చి రెండు చెక్కలు ఊడదీశాడు. సిదికత్ నిచ్చెన ఎక్కింది. నాలో కళ్ళు తెరవని నాలుగు ఎలుక పిల్లలను చూసి తిట్టబోయి, తిట్టలేదు. తలగుడ్డ విప్పి, గూడులా చుట్టి, పిల్లలను ఒక్కొక్కటే అందులోకి మార్చి, నన్ను తీసుకుంది. ఎడమ వైపు బెత్తెడు మేర నేను లేను.

రాఫియు నన్ను చూడగానే టోపీ తీశాడు.

"ఇది కబియేసి గడ్డం కదండీ!"

"మరే! రెండు రోజుల నుంచి నేను చెప్పేదేంటి?"

"శవం ఇంకా రాలేదని అక్కడ అందరూ కంగారు పడతన్నారు. కొంతైనా వచ్చిందన్నమాట" అంటూ రెండు చేతులా నన్ను అందుకుని, సిదికత్ నిచ్చెన దిగేలోపు సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

అలా నన్ను శవపేటికలో పెట్టారు. తెల్లగుడ్డ, పూలు, మధ్యలో నేను. పోలయ్య మంచం కన్నా అది మెత్తగా ఉంది. ఊదా రంగు గుడ్డల్లో ఊరంతా వరసకట్టి ఒక్కొక్కరే వచ్చి నన్ను చూసి ఏడ్చారు. మొహం లేని గడ్డాన్ని చూసి ఏడవడం కష్టమే. వాళ్ళు కష్టపడ్డారు. పెట్టె ముందు చాప, చాప మీద పళ్ళెం. ముద్ద ఆవిర్లు కక్కుతోంది.

బంగళాలో ఆ సమయానికి ఏం మాట్లాడుకున్నారో సిదికత్ తర్వాత చెప్పింది. కెమెరా పట్టే ఫెస్టస్ అన్నాడట, బాబా, జనం ఉన్నారు, పళ్ళెం ఉంది, మీరు తమ్ముడిగా కూర్చుని తినెయ్యండి, ఎవరూ ఏమీ అనరు, నేను తీసేస్తాను అని. సులువైన దారే. ఆయన రాజు చొక్కా తొడుక్కుంటూ చెప్పాడట:

"ఆ పళ్ళెం రాజుది, ఫెస్టస్. తమ్ముడు తింటే దొంగతనం అవుద్ది."

ముంగిట్లోకి ఆయన నడిచి వచ్చేసరికి జనం తమ్ముడుగారికి దారి ఇచ్చారు. ఆయన సరాసరి పెట్టె దగ్గరికి వచ్చి వంగాడు. ముద్దు పెట్టుకుంటాడనుకున్నారు. నన్ను ఎత్తి దులిపాడు. వెనకే సిదికత్ జిగురు సీసాతో వచ్చింది. ఆరువందల మంది చూస్తుండగా ఆయన దవడలకు జిగురు పూసి, నన్ను అదిమి పట్టుకుని, అలవాటు ప్రకారం ఇరవై దాకా అంకెలు పలికింది.

బేండు ఆగిపోయింది. తమ్ముడు వెళ్ళిపోయి అన్న వచ్చి నిలబడ్డాడు. దివాణం పెద్ద చేతిలో కర్ర జారిపోయింది. గోడ మీద ఫెస్టస్ కెమెరాను కుడి వైపుకు జరుపుకున్నాడు, ఎడమ వైపు నేను లేను కదా.

ఆయన చాప మీద కూర్చుని చెయ్యి కడుక్కున్నాడు. ముద్ద చిదిమాడు. పులుసులో ముంచాడు. నోట్లో పెట్టుకున్నాడు.

ఆ ఊళ్ళో ఆయన సినిమా చూడనివాళ్ళు లేరు. ఇప్పుడు గొంతు పట్టుకుంటాడు, ఇప్పుడు పడతాడు. నేనూ అలవాటు కొద్దీ పక్కకు ఒరగడానికి సిద్ధపడ్డాను.

ఆయన నమిలాడు. మింగాడు. రెండో ముద్ద తీసుకున్నాడు.

ఎక్కడో ఒక ఆడమనిషి "ఆ!" అంది. మూడో ముద్దకు నలుగురు అన్నారు. అయిదో ముద్దకు మాంసం ముక్క. పదో ముద్ద దగ్గర ఆయన ఆగి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. అది నటన కాదు, ఆ రొమ్ము ఎలా కొట్టుకుంటోందో నాకు తగులుతోంది. సిదికత్ ఒక అడుగు ముందుకు వేసింది. ఆయన వేలు ఎత్తి ఆగమన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. వంటామె వంక చూశాడు.

"కొంచెం పులుసెయ్యమ్మా."

వంటామె గరిటె ముంచింది. "ఎంత కావాలండి, కబియేసి?"

"ముద్దకి సరిపడా."

ఆమె పోసింది. ఆయన తిన్నాడు. పులుసు వేళ్ళ సందుల్లోంచి జారి, పెదవుల పక్క నుంచి నాలోకి దిగింది, వెంట్రుకల మొదళ్ళ దాకా. నాకు దాని వాసన నలభై ఏళ్ళుగా తెలుసు. మిరపకాయ ఇంత ఉంటుందని తెలియదు. ఆఖరి ముద్దతో పళ్ళెం అంచు తుడిచి నోట్లో పెట్టుకుని, ఖాళీ పళ్ళెం రెండు చేతులా ఎత్తి జనానికి చూపించాడు. బ్రేవ్‌మని తేన్చాడు. ఒక చెయ్యి నేల మీద ఆనించి, ఎవరి సాయమూ లేకుండా తన కాళ్ళ మీద లేచాడు.

"చచ్చినోళ్ళు రెండోసారి పులుసు అడగరు!" అని అరిచింది వంటామె. "బతికే ఉన్నారు! కబియేసీ!"

"కబియేసీ!" అంటూ ఆరువందల మంది నేల మీద పడ్డారు. అరుగు మీద కూర్చున్న అసలు రాజు, మొక్కు తనకే అనుకుని, చెయ్యి ఎత్తి దీవించాడు. ఎవరూ చూడలేదు. పడినవాళ్ళలో ఫెస్టస్ కూడా ఉన్నాడు. అతనూ ఆ జనంలోనివాడే, రాజు లేస్తే నిలబడి ఉండడం అతనికి చేతకాదు. గోడ మీద కెమెరా వెనక్కి ఒరిగింది. అందుకే సినిమాలో రాజు లేచిన తర్వాత కనబడేదంతా ఆకాశమే. రెండు కొంగలు, ఒక తేన్పు, ఊరంతా ఒకే అరుపు. మళ్ళీ తీద్దామా అని అందరూ అడిగారు. వద్దన్నాడాయన, కడుపులో ఖాళీ లేదు.

రాఫియు వచ్చి ఒకే ఒక్కటి అడిగాడు, మరి పెట్టె సంగతేంటని. అందులో ఊదా గుడ్డలు దాచుకోండి అని చెప్పి పంపారు.

జనం బేండు వెంట వెళ్ళిపోయాక ఆయన గోడకు చేరగిలబడ్డాడు. చెమటలు పట్టి ఉన్నాయి, మొహం తేటగా ఉంది. సిదికత్ పక్కన కూర్చుని నన్ను మెల్లగా ఊడదీసి ఒళ్ళో పరిచింది. ఎలుక కొరికిన చోటు, పులుసు మరకలు, ఇరుక్కున్న పెండలం మెతుకు ఒకటి. నాలుక చప్పరించి, సంచిలోంచి దూదీ స్పిరిటు సీసా తీసి మూత తిప్పింది.

"ఇప్పుడే తుడిచెయ్యాలి బాబా. లేపోతే మరక ఉండిపోద్ది."

ఆయన కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి ఆమె చెయ్యి ఆపాడు.

"ఉండనీ సిదీ. అదీ తిన్నది ఇవాళేగా."